తొమ్మిదో గిన్నె

గుడ్లక్క అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు. చేపల గదిలో పదకొండేళ్ళుగా పొద్దున్నే గుడ్లు ఏరేది తనే కాబట్టి ఎవరో వేళాకోళానికి అన్న మాట అది. ఇప్పుడు గేటు దగ్గర కాపలా మనిషి కూడా "గుడ్లక్కా, బాగున్నావా?" అనే పలకరిస్తాడు. కోడిగుడ్లు అమ్ముకునే ఆవిడ కాబోలు అనుకుని, కొత్తగా చేరినాయన ఒకడు అరడజను ఇమ్మని కూడా అడిగాడు. "దానికేం భాగ్యం, పట్టుకెళ్ళండి. కాకపోతే ఇవి ఆవగింజంత కూడా ఉండవు, మీ ఆమ్లెట్టుకి ఏ పాతికవేలో కావాలి" అంది గుడ్లక్క, నవ్వకుండా.

చేపల గది ఆ పరిశోధనశాల బిల్డింగులో కింది అంతస్తు చివర ఉంటుంది. కిటికీలు లేవు. ఇనప అరలు, అరల నిండా గాజు తొట్లు, తొట్లలో వేలెడంత కూడా లేని చారల చేపలు. తొట్లలోకి గాలి కొట్టే మోటార్లు రాత్రీ పగలూ గుడగుడమంటూనే ఉంటాయి. గదంతా వెచ్చగా, తడిగా, కాస్త నీచువాసనగా ఉంటుంది. పొద్దున ఎనిమిదింటికి దీపాలు వాటంతటవే వెలుగుతాయి. తెల్లారిందనుకుని చేపలు గుడ్లు పెడతాయి. ఆ గుడ్డు పెంకు గాజులా ఉంటుంది, లోపల జరిగే పనంతా సూక్ష్మదర్శినిలో బయటికే కనిపిస్తుంది. ఒక్క రోజు తిరిగేసరికి తల, కళ్ళు, తోక ఏర్పడిపోతాయి. మనిషి కడుపులో వారాలు పట్టేది ఇక్కడ గంటల్లో అయిపోతుంది కాబట్టి ఇక్కడ వయసులన్నీ గంటల లెక్కే.

కలుపు మందు కొడితే గడ్డి చస్తుంది, అది అందరికీ తెలుసు. వాన పడితే ఆ మందు కాలవలోకి పోతుంది. కాలవలో చేప గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డులో అప్పుడప్పుడే రూపు కట్టుకుంటున్న మెదడుకి ఏమవుతుంది? ఇక్కడి పరిశోధన నడిపే మేడమ్ నాలుగేళ్ళుగా పట్టుకు వేలాడుతున్న ప్రశ్న ఇదొక్కటే. ఎనిమిది గాజు గిన్నెలు పెడుతుంది. రెండిట్లో మంచినీళ్ళు, మిగతా ఆరింటిలో మందు కలిపిన నీళ్ళు, రెండు గిన్నెలకి ఒక మోతాదు చొప్పున. గిన్నెకి ముప్ఫై గుడ్లు.

మందు కలిపేటప్పుడు గదిలో మేడమ్ తప్ప పురుగు కూడా ఉండకూడదు. తొమ్మిది గుండ్రటి స్టిక్కర్లున్న చిన్న కాగితం తీసుకుని, వాటి మీద తన గుండ్రటి చేతిరాతతో క, చ, ట, త, ప, య, ర, ల, వ అని రాస్తుంది. ఎనిమిది స్టిక్కర్లు ఎనిమిది గిన్నెలకి అంటిస్తుంది. ఏ అక్షరం ఏ నీళ్ళో ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అంటించి, తన సొరుగులో దాచేస్తుంది. మిగిలిపోయిన 'వ' చెత్తబుట్టకే.

"ముందే తెలిస్తే కన్ను మోసం చేస్తుందమ్మా. విషం గిన్నె అని తెలిస్తే నిక్షేపంలాంటి పిల్లలో కూడా వంకరే కనిపిస్తుంది. లెక్క పూర్తయ్యేదాకా నువ్వు అడక్కూడదు, నేను చెప్పకూడదు" అనేది మేడమ్ మొదటి రోజునే చెప్పిన మాట. పదకొండేళ్ళలో ఆ మాట తప్పింది లేదు.

ఇక గుడ్లక్క సంగతి. ఆవిడకి ఐదో నెల.

పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ మూడో నెల నిండకుండానే పోయాయి. రెండుసార్లూ ఆనందం పట్టలేక ఊరంతా చెప్పుకుంది. చెప్పుకున్న వారానికే ఏడ్చింది. ఈసారి నోటికి తాళం వేసుకుంది. ఇంట్లో ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. మేడమ్‌కి చెబితే ఆ పూటే చేపల గదిలోంచి తీసి ఫైళ్ళ గదిలో కూచోబెడుతుంది. మందు సీసా నేను ముట్టుకోను కదా, అది మేడమ్ పనే కదా, కడుపులో కదలిక తెలిసిన రోజున చెబుదాంలే అనుకుంది. ఆ కదలికే ఇంకా తెలియడం లేదు. "ఏ రోజైనా తెలుస్తుంది, కంగారు పడకు, నీళ్ళు మాత్రం బాగా తాగు" అంది డాక్టరమ్మ.

ఆయన బస్సు నడుపుతాడు. రోజూ పొద్దున్నే తాళం చెవులు వేలికి తిప్పుకుంటూ ఒకటే ప్రశ్న. "కదిలిందా బండి?"

"ఇంకా స్టాండులోనే ఉంది."

"డ్రైవరు నిద్రపోతున్నాడేమో, హారన్ కొట్టనా?" అని పొట్ట దగ్గర వంగేవాడు. ఆవిడ నవ్వుతూ తోసేసేది. గుమ్మం దాటగానే ఆయన మొహంలో నవ్వు మాయమయ్యేది. అది ఆవిడ చూడలేదని ఆయన అనుకునేవాడు.

సోమవారం నాడు నీళ్ళ మిషన్ ఆగిపోయింది. గిన్నెల్లోకి మామూలు నీళ్ళు పొయ్యరు. మిషన్‌లో వడకట్టి, సమస్తం తీసేసిన నీళ్ళే పోస్తారు. దాని వడపోత గొట్టం పోయిన నెలలోనే మార్చాలి. మార్చాల్సింది గుడ్లక్కే. ఆ వారమంతా వేవిళ్ళతో బాత్‌రూమ్‌కీ గదికీ తిరగడంతోనే సరిపోయి, ఆ సంగతి బుర్రలోంచి జారిపోయింది. కొత్త గొట్టం రావాలంటే వారం. మంగళవారం నాడు మేడమ్ గిన్నెలు పెట్టాలి. ఇప్పుడు చెబితే "ఎందుకు మర్చిపోయావు?" అంటుంది, దానికి జవాబు చెబితే కడుపు సంగతి చెప్పాలి. గోటితో పోయే పనిని గొడ్డలిదాకా తెచ్చుకునేవాళ్ళంతా సరిగ్గా ఇలాగే మొదలుపెడతారు. గుడ్లక్క ఇరవై లీటర్ల డబ్బా తీసుకెళ్ళి వరండా చివర తాగునీళ్ళ కుళాయి కింద పెట్టింది. బిల్డింగులో అందరూ సీసాలు పట్టుకునేది అక్కడే. మనుషులు తాగే నీళ్ళేగా, చేప గుడ్లకేమొచ్చింది అనుకుంది. తన సీసా కూడా నింపుకుని, అక్కడే సగం తాగి, మళ్ళీ నింపుకుంది.

మంగళవారం మేడమ్ ఆ నీళ్ళతోనే ఎనిమిది గిన్నెలూ పెట్టింది. గుడ్లక్క ఏమీ ఎరగనట్టు తలుపు బయట నిలబడింది.

బుధవారం మధ్యాహ్నం భోజనాల వేళ, ఇరవై ఎనిమిది గంటల గుడ్లని చూడ్డానికి ఫొటోల గదిలోకి వెళ్ళింది. పేరుకి మధ్యాహ్నమే గానీ ఆ గదికి పగలు లేదు. కెమెరాకి వెలుతురు పనికిరాదని గోడలకి నల్లరంగు వేశారు, తలుపు వెనక నల్లటి మందపాటి తెర కట్టారు. లోపల సూక్ష్మదర్శిని కింద చిన్న దీపం ఒక్కటే. గోడకి అవతల చేపల గది మోటార్ల గుడగుడ. వరండాలో ఎవరివో చెంచాల చప్పుడు, నవ్వులు. తెర లాగగానే నవ్వులు దూరమయ్యాయి.

ఎనిమిది గిన్నెలూ పళ్ళెంలో వరసగా పెట్టుకుని పనిలో పడింది. ఈ వయసులో గుడ్డులోని పిల్ల తోక ఆడిస్తుంది. ఒక్కో పిల్లా దాని ఇష్టం వచ్చినప్పుడు కదులుతుంది, వాన మొదట్లో నేల మీద చినుకులు పడ్డట్టు ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. నిమిషానికి ఎన్నిసార్లో లెక్కపెట్టి పట్టికలో రాయడమే ఆవిడ పని. తల ఎలా ఉందో, మెదడు ఉబ్బులు మూడూ విడివిడిగా తేలాయో లేదో, కళ్ళెంతున్నాయో అదీ రాయాలి.

'క' గిన్నెలో చాలావాటికి తల చిన్నది. కదలిక తక్కువ. మందు గిన్నె కాబోలు. 'చ' అంతే. 'ట' కూడా అంతే. 'త'లో మెదడు ఉబ్బులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి చిన్న ముద్దలా ఉన్నాయి, కళ్ళు రెండూ గుండుసూది మొనలంత. పాపం అనుకుంది. పదకొండేళ్ళయినా పాపం అనుకోవడం మానలేదు.

'ప' చూసింది. 'య' చూసింది. పెన్ను పట్టిక మీద పెట్టేసి, వేళ్ళ మీద లెక్క వేసుకుంది.

ఆరు గిన్నెలు మందువే అనుకుందాం. మిగిలినవి రెండు. అవి మంచినీళ్ళవి అవ్వాలి.

'ర' పెట్టింది. చిన్న తలలే. 'ల' పెట్టింది... చిన్న తలలే.

ఎనిమిదిట్లో ఒక్కటైనా బాగున్న గిన్నె లేదు. అంటే తప్పు మందుది కాదు. డబ్బాలో నీళ్ళది. దొంగకి తేలు కుట్టినట్టు, అరవడానికి లేదు, అలా ఉండిపోయింది. తను పట్టుకొచ్చిన నీళ్ళు. ఆ కుళాయి నీళ్ళు. తను రోజూ... డాక్టరమ్మ చెప్పిందని గంటగంటకీ తాగిన నీళ్ళు.

ఆ ఆలోచన చివరిదాకా పోకముందే 'ల' గిన్నెలో ఏదో కదిలింది.

ఒక పిల్ల కాదు. ముప్ఫై పిల్లలూ. ఒక్కసారే.

రెండుసార్లు తోక కొట్టాయి. ఆగాయి. ఒకసారి కొట్టాయి.

బల్ల అదిరిందేమో అనుకుని చేతులు పైకి తీసింది. మళ్ళీ రెండు. ఆగడం. ఒకటి. మోటార్ అదురేమో అనుకుని చెవి పెట్టింది. అప్పుడు తెలిసింది, మోటార్లు ఆగిపోయాయని. గుడగుడ లేదు. వరండాలో చెంచాల చప్పుడు లేదు. పదకొండేళ్ళలో ఆ గోడ అవతల అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. ముక్కుకి వాసన తగిలింది. అప్పుడే కోసిన పచ్చిగడ్డి వాసన, దాని అడుగున మందు ఘాటు. ఈ గదిలోకి మందు సీసా ఎప్పుడూ రాలేదు.

'ర' గిన్నె మళ్ళీ పెట్టి చూసింది. రెండు... ఒకటి. 'య' చూసింది. రెండు... ఒకటి. ఏ గిన్నె చూసినా అదే, అన్నీ ఒకే చెయ్యి తలుపు తట్టినట్టు.

"ఎవరు?" అంది గుడ్లక్క. ఎవరిని అడిగిందో ఆవిడకే తెలియదు.

'య'ని పళ్ళెంలో పెట్టేసి, అందులోకి చేతులు చాచింది, గిన్నెలన్నీ ఎత్తుకుని బయటికి పోదామని. వేళ్ళకి ఒక గిన్నె ఎక్కువ తగిలింది.

చీకట్లో తడిమి లెక్కపెట్టింది. ఎనిమిది అయ్యాక ఇంకొకటి ఉంది. దానికి స్టిక్కరు లేదు. మిగతావి చల్లగా ఉన్నాయి. అది వెచ్చగా ఉంది... ఒంటి వెచ్చదనం.

దాన్ని చూడకుండా వెళ్ళిపోవాల్సింది. కానీ పదకొండేళ్ళ అలవాటు చేతుల్లో ఉంటుంది, బుర్రలో కాదు. గిన్నె తీసి దీపం మీద పెట్టింది. కన్ను ఆనించింది.

ఒకే ఒక్క గుడ్డు. లోపలి పిల్ల అటు తిరిగి, ముడుచుకుని పడుకుని ఉంది. కదలడం లేదు.

"ఇటు తిరుగు" అంది గుడ్లక్క, గుసగుసగా. ఎందుకంది?

అది తిరిగింది. నెమ్మదిగా... నిద్రలో పిల్లలు పక్కకి ఒత్తిగిల్లినట్టు. తల కనిపించింది. తల చిన్నది. కళ్ళు...

చేపకి కనురెప్పలుండవు. ఎన్ని లక్షల గుడ్లు చూసుంటుంది ఆవిడ! ఏ చేపకీ ఉండవు.

దీనికి ఉన్నాయి. మూసుకుని ఉన్నాయి.

ఆ రెప్పలు అదిరాయి. తెరుచుకోబోతున్నట్టు...

గుడ్లక్క కన్ను తీసేసింది. సరిగ్గా అప్పుడే ఆవిడ పొట్టలో, బొడ్డు కింద, లోపలి నుంచి ఎవరో వేలితో తట్టారు.

రెండుసార్లు. ఆగి... ఒకసారి.

నాలుగు వారాలుగా దీని కోసమేగా చూసింది! పడుకుని అరచెయ్యి పొట్ట మీద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఎన్ని పొద్దులు! వచ్చింది. ఇప్పుడొచ్చింది. ఇక్కడ, ఈ చీకట్లో, ఈ లెక్కతో. సంతోషం రావలసిన చోట ఒళ్ళంతా చెమట పట్టింది. ఇలాంటి క్షణంలో తన బిడ్డకి తనే భయపడటం కంటే ఘోరం ఇంకేముంటుంది?

తెర చించుకున్నంత పని చేసి బయటపడింది.

వరండాలో తొట్ల తాత ఎదురయ్యాడు. తొట్లు కడిగే ముసలాయన, ఆవిడకంటే పాతవాడు. చేతిలో అన్నం డబ్బా, చంకలో ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ళ సీసా.

"ఏమైందమ్మా? మొహంలో నెత్తుటి చుక్క లేదు."

"తాతా, మోటార్లు ఎందుకు ఆగాయి?"

"ఎక్కడాగాయి? వినపడట్లా?"

గుడగుడ వినపడుతూనే ఉంది. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి పెద్ద దీపం వేయించింది. పళ్ళెంలో గిన్నెలున్నాయి. "లెక్కపెట్టు" అంది. తాత వేలితో ఒక్కోటీ చూపిస్తూ లెక్కపెట్టాడు. "ఎనిమిదేగా ఉన్నాయి. ఎప్పుడూ ఎనిమిదేగా" అన్నాడు. సూక్ష్మదర్శిని కింద దీపం మీద ఏ గిన్నే లేదు. గాజు పలక మీద గుండ్రంగా తడి మరక మాత్రం ఉంది.

తాత ఆవిడ మొహం చూశాడు, చెయ్యి ఎక్కడ పెట్టుకుని నిలబడిందో చూశాడు. ఐదుగురు పిల్లల్ని పెంచినవాడికి విడమరచి చెప్పక్కర్లేదు.

"ఎన్నో నెల?" అన్నాడు మెల్లగా.

"ఐదు. తాతా, నువ్వు ఇంటి నుంచి నీళ్ళు ఎందుకు తెచ్చుకుంటున్నావు?"

ఆయన తల దించుకున్నాడు. "ఆవరణలో గడ్డి ఏపుగా పెరిగిందని తోటపనివాళ్ళు మందు కొడుతున్నారుగా, ఎండాకాలం నుంచీ. డబ్బాలు కడిగేది తాగే కుళాయికి నీళ్ళొచ్చే సంపు పక్కనే. సంపు మూత పగిలి ఎన్నాళ్ళయిందో. ఒకరోజు చూస్తే సంపు చుట్టూ గడ్డి గుండ్రంగా మాడిపోయి ఉంది. ఆఫీసులో చెప్పాను. తొట్లు కడిగేవాడి మాట ఎవరికి కావాలి? నా మట్టుకు నేను సీసా తెచ్చుకోవడం మొదలుపెట్టాను." చంకలో సీసా సర్దుకున్నాడు. "నీకైనా చెప్పాల్సింది తల్లీ. నువ్వు ఇలా ఉన్నావని తెలియదు."

నాకెవరూ చెప్పలేదు, నేనెవరికీ చెప్పలేదు అనుకుంది గుడ్లక్క. తిలాపాపం తలా పిడికెడు. తినేది మాత్రం ఎవరో!

తిన్నగా మేడమ్ గదికి వెళ్ళింది. ఇక దాచడానికి ఏం మిగిలింది?

"లెక్క అయిందా?" అంది మేడమ్, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా.

"మేడమ్, నేనొక వెధవ పని చేశాను."

మేడమ్ తల ఎత్తింది. గుడ్లక్క నిలబడే అంతా చెప్పింది. మిషన్ గొట్టం, వేవిళ్ళు, కుళాయి, డబ్బా, సంపు. చీకటి గదిలో సంగతి ఒక్కటే చెప్పలేదు. మధ్యలో మేడమ్ చెయ్యి బల్ల మీదున్న తన నీళ్ళ సీసా దగ్గరికి వెళ్ళి, ముట్టుకోకుండా వెనక్కి వచ్చింది. అదీ ఆ కుళాయి నీళ్ళే, సగం ఖాళీ.

తిడుతుందనుకుంది. తిట్టలేదు. కుర్చీ లాగి కూచోబెట్టింది. "ముందే చెప్పుంటే ఏమయ్యేదే పిచ్చిదానా!" అంది. పదకొండేళ్ళలో మొదటిసారి 'పిచ్చిదానా' అని పిలిచింది. ఆ పిలుపుకి గుడ్లక్కకి ఏడుపు ఆగలేదు. మేడమ్ ఫోన్ తీసి కుళాయి కట్టేయించింది. సంపు దగ్గరికి మనిషిని పంపింది. తర్వాత సొరుగులోంచి కవరు తీసి చించింది. లెక్క పూర్తవకుండా ఆ కవరు తెరవడం ఎప్పుడూ లేదు.

"మంచినీళ్ళవి ట, ర. నీ పట్టిక చూపించు."

రెండు వరసలూ చూసింది. చిన్న తలలు, చిన్న కళ్ళు, కదలిక తక్కువ. కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుంది. మళ్ళీ పెట్టుకుని కింది వరస మీద వేలు పెట్టింది.

"ఇదేంటి?"

ఎనిమిది వరసల కింద తొమ్మిదో వరస. గుడ్లక్క చేతిరాతే. అక్షరం గడి ఖాళీ. గుడ్లు: ఒకటి. కదలిక: రెండు, ఒకటి. వయసు గంటల్లో: మూడు వేల ఇరవై నాలుగు.

"ఇంత వయసు గుడ్డేంటి? నేను పెట్టింది ఎనిమిదేగా?" అంటూ మేడమ్ లెక్క కట్టింది. "ఇరవై నాలుగుతో భాగిస్తే... నూట ఇరవై ఆరు రోజులు. పద్దెనిమిది వారాలు." అని గుడ్లక్క పొట్ట వైపు చూసింది, వెంటనే చూపు తిప్పేసుకుంది.

"నేను రాయలేదు మేడమ్."

"రాతైతే నీదే."

"నాదే. కానీ నేను రాయలేదు."

మేడమ్ చెత్తబుట్ట వంచి చూసింది. మంగళవారం నాటి స్టిక్కర్ల కాగితం దొరికింది. తొమ్మిది గుండ్రటి ఖాళీలు. 'వ' కూడా లేదు. "పడేసినప్పుడు ఉంది. నేనే చూశాను" అంది, ఎవరితోనో వాదిస్తున్నట్టు. ఆ కాగితం మడిచి, పట్టికతో, అక్షరాల కాగితంతో కలిపి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని లేచింది. "పద, స్కాన్‌కి. ఇప్పుడే."

కారులో ఉండగా ఇంటాయన ఫోన్ చేశాడు. బస్సు చివరి స్టాపులో ఆగినట్టుంది, వెనక జనం దిగుతున్న సందడి.

"ఏంటి, ఇంత త్వరగా బయల్దేరావట? తాత ఫోన్ చేసి చెప్పాడు. ఒంట్లో బాగుందా?"

"బాగుంది."

"మరి? కదిలిందా బండి?"

గుడ్లక్క కిటికీలోంచి బయటికి చూసింది. బాటలకి రెండు పక్కలా కత్తిరించిన పచ్చగడ్డి. ఒక మనిషి వీపుకి డబ్బా తగిలించుకుని గొట్టంతో ఏదో చల్లుకుంటూ పోతున్నాడు.

"కదిలింది" అంది.

అవతల ఆయన వేసిన కేకకి మేడమ్‌ కూడా ఉలిక్కిపడింది. "కదిలింది! ఓయ్, కదిలిందంటోయ్!" అని ఆయన బస్సులో ఎవరెవరికో చెప్పేస్తున్నాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్న సంగతే మర్చిపోయాడు. గుడ్లక్క ఫోన్ చెవికి అలాగే ఆనించుకుని కూచుంది. ఆ సంతోషం ఆపే మాట ఆవిడ దగ్గర ఉంది. 

స్కాన్ గది కూడా చీకటిదే. తెర వెలుగు తప్ప ఇంకే వెలుగూ లేదు. మేడమ్ తలుపు దగ్గర నిలబడింది. డాక్టరమ్మ సరదా మనిషి. "పడుకోమ్మా, ఈ పిల్లేదో మనతో దాగుడుమూతలు ఆడకపోతే అయిదు నిమిషాల పని" అంటూ చీర కుచ్చిళ్ళు కిందికి జరిపింది. జరిపి ఆగింది.

"ఇదేంటమ్మా, పొట్ట మీద?"

గుడ్లక్క తల ఎత్తి చూసుకుంది. బొడ్డుకి రెండు వేళ్ళ కింద, చిన్న గుండ్రటి తెల్లటి స్టిక్కరు. దాని మీద గుండ్రటి చేతిరాతతో, 'వ'.

పొద్దున స్నానం చేసినప్పుడు లేదు.

"లాగేయనా? నొప్పి పుట్టదులే" అంది డాక్టరమ్మ.

"వద్దు" అన్నారు ఇద్దరూ ఒక్కసారే, గుడ్లక్కా మేడమూ.

డాక్టరమ్మ ఇద్దరినీ వింతగా చూసి, భుజాలెగరేసి, స్టిక్కరు పక్కనుంచే మిషన్ ఆనించింది. తెర మీద బూడిదరంగు మసక కదిలి, ఒక రూపం కట్టింది. బిడ్డ అటు తిరిగి, ముడుచుకుని ఉంది. గుండె కొట్టుకుంటోంది. డాక్టరమ్మ తల కొలత తీసింది. మళ్ళీ తీసింది. మూడోసారి తీసేటప్పుడు ఆవిడ సరదా మాటలు ఆగిపోయాయి.

"డాక్టరమ్మా, తల..."

"ఉండమ్మా, ఇటు తిరిగితే గానీ చెప్పలేను."

గుడ్లక్క ఇటు తిరుగు అనలేదు. పళ్ళ మధ్య పెదవి బిగబట్టుకుంది. ఆ మాట ఇంకోసారి అనకూడదని మాత్రం తెలుసు. తలుపు వైపు చూసింది.

"మేడమ్," అంది, ఊపిరంత గొంతుతో. "'వ' అంటే ఏ నీళ్ళు?"

మధ్యాహ్నం ఆ కాగితం గుడ్లక్క కళ్ళారా చూసింది. అందులో ఎనిమిది అక్షరాలే ఉన్నాయి. మేడమ్ బ్యాగులోంచి కాగితం తీసింది. మడత విప్పి తెర వెలుగులో పట్టుకుంది. పైనుంచి కిందికి చూసింది. అడుగున ఆగింది.

వేలు పెట్టి వరసలు లెక్కపెట్టింది, తొమ్మిది.

కాగితం మళ్ళీ మడిచింది. ఒక మడత, దాని మీద ఇంకో మడత, ఇంక మడవడానికి వీలు లేనంత చిన్నదయ్యేదాకా. పిడికిట్లో పెట్టుకుంది. 

"చెప్పండి మేడమ్. ఏముంది అందులో?"

"లెక్క..." అంది మేడమ్.  "లెక్క ఇంకా పూర్తవలేదమ్మా."

"అదిగో, తిరుగుతోంది" అంది డాక్టరమ్మ.